పిల్లల సైన్స్ శిబిరానికి ఏ సామగ్రి కొనాలి? విశాఖ నిర్వాహకులకు సిరంజి నుంచి ఆర్డుయినో దాకా ఒక పోలిక

వేసవి శిబిరానికి డబ్బు సమకూరగానే చాలామంది నిర్వాహకులు ఆన్‌లైన్‌లో రోబోటిక్స్ కిట్ల కోసం వెతకడం మొదలుపెడతారు. పెట్టె మీద బొమ్మ బాగుంటుంది, నూరు ప్రయోగాలు చేయొచ్చని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ నూరుని పక్కన పెట్టి రెండు సంగతులు లెక్క చూసుకోండి. గంటన్నర క్లాసులో ఒక్కో పిల్ల చేతిలో ఆ వస్తువు ఎన్ని నిమిషాలు ఉంటుంది? ఒక ముక్క పోయినా, కాలినా, తుప్పుపట్టినా మర్నాటి క్లాసుకి వైజాగ్‌లోనే ఇంకోటి దొరుకుతుందా? కింది పోలికంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది.

లెక్కకు 24 మంది పిల్లలు, 10 నుంచి 15 ఏళ్ల వయసు, 8 క్లాసులు, ఒక్కోటి 90 నిమిషాలు అనుకుందాం. ఎంవీపీ కాలనీలో కమ్యూనిటీ హాలైనా, గాజువాకలో ప్రభుత్వ హైస్కూలు గదైనా లెక్క మారదు. ఖరీదైన కిట్లు 3 కొంటే ఒక్కోదాని చుట్టూ 8 మంది చేరతారు. మనిషికి 11 నిమిషాలు, అదీ అందరూ బుద్ధిగా వంతులు పాటిస్తే. చొరవ ఉన్న ఇద్దరు మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని కూర్చుంటారు, వెనక నిలబడ్డ అమ్మాయికి ఒక్క చక్రం కూడా అందదు. అందుకే ఇద్దరికో సెట్టు ఉండాలి. ముగ్గురైతే మూడో మనిషి చూస్తూ ఉండిపోతాడు. అంటే 12 సెట్లు, పైన విడిగా 2. మీ దగ్గరున్న డబ్బుని 14తో భాగించి, వచ్చిన మొత్తానికి ఏం దొరుకుతుందో అక్కడి నుంచి వెతకండి.

సిరంజిలు, పుల్లలు, వాల్వ్ ట్యూబు

పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు అనగానే మన దేశంలో గుర్తొచ్చే పేరు అరవింద్ గుప్తా. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. సైకిల్ వాల్వ్ ట్యూబుని చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లల్ని వాటిలో గుచ్చితే చతురస్రం పక్కకు వాలిపోతుంది, త్రిభుజం కదలకుండా నిలబడుతుంది. వంతెనల్లో ఇనుప త్రిభుజాలు ఎందుకుంటాయో చెప్పడానికి ఇంతకన్నా చవకైన సామగ్రి లేదు. సైకిల్ షాపులో మీటరు ట్యూబు, కిరాణా కొట్లో అగ్గిపెట్టెలు చాలు. పుల్లల తలల్లో మందు ముందే గీకేసి ఇవ్వాలి.

ఈ వర్గంలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది సిరంజి హైడ్రాలిక్స్. నౌకాశ్రయం ఉన్న ఊళ్లో క్రేన్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పక్కర్లేదు, దాన్ని ఎత్తేది ఏమిటో చూపిస్తే చాలు. జట్టుకు 5 మి.లీ. సిరంజి ఒకటి, 20 మి.లీ.ది ఒకటి, 30 సెం.మీ. ట్యూబు. సూది లేని కొత్త సిరంజిలు కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతాయి. కొన దగ్గర మర ఉన్నవి కాకుండా నున్నగా ఉన్నవి అడగండి, మర ఉన్నవాటికి ట్యూబు పట్టదు. ట్యూబుకి అక్వేరియం షాపులో గాలి పంపుకి వాడేది సరిపోతుంది. బిగుతుగా ఉంటే కొనని వేడినీళ్లలో నిమిషం ముంచాలి.

ఎక్కువ జట్లు తప్పు చేసేది నీళ్లు నింపే దగ్గరే. చిన్న సిరంజిలో పూర్తిగా నీళ్లు పీల్చి, ట్యూబు తగిలించి, రెండో కొన నుంచి చుక్క బయటికి వచ్చేదాకా నెమ్మదిగా నొక్కాలి. ట్యూబు నిండటానికే చాలా నీళ్లు పోతాయి కాబట్టి చిన్న సిరంజిని తీసి, మళ్లీ పూర్తిగా నింపి తగిలించాలి. అప్పుడు పిస్టన్ మొత్తం లోపలికి నెట్టి ఉంచిన పెద్ద సిరంజిని ఆ కొనకు తగిలించాలి. నొక్కి వదిలినప్పుడు పిస్టన్ స్ప్రింగులా వెనక్కి తన్నితే లోపల గాలి మిగిలిందని అర్థం. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ బుడగని తీయకుండా ఒకసారి, తీసి ఒకసారి బరువు ఎత్తించండి, తేడా వేళ్లకే తెలుస్తుంది. 5 మి.లీ. సిరంజి మొత్తం నొక్కితే 20 మి.లీ. సిరంజి పిస్టన్ 5వ గీత దగ్గరే ఆగుతుంది, కానీ చిన్న సిరంజి కదల్చలేని పుస్తకాల కట్టని అది పైకి లేపుతుంది. పిస్టన్ బిగిస్తే కొబ్బరినూనె రాయకండి, రబ్బరు ఉబ్బి ఇంకా పట్టేస్తుంది. సబ్బు నీళ్ల చుక్క చాలు. 24 మందికి రెండు రకాలూ 14 చొప్పున, పైన చిన్నవి ఇంకో 6 తీసుకోండి. ముందు పోయేవి అవే.

ఇదే వర్గంలో వైజాగ్‌లో నమ్ముకోకూడని ప్రయోగం ఒకటుంది. బెలూన్‌ని జుట్టుకు రుద్ది కాగితం ముక్కల్ని లేపడం పుస్తకంలో బాగుంటుంది. మే నెలలో సముద్రపు తేమ గాలిలో బెలూన్ మీది విద్యుదావేశం నిలవకుండా కారిపోతుంది, పిల్లలు రుద్ది రుద్ది విసిగిపోతారు. డిసెంబరు, జనవరి నెలల్లో పొడిగా ఉన్న మధ్యాహ్నం గానీ, ఏసీ గంటసేపు నడిచిన గదిలో గానీ పెట్టుకోండి.

సెల్లు, బల్బు, బ్రెడ్‌బోర్డు

ఎలక్ట్రానిక్స్‌కి మొదటి మెట్టుగా రెండు దారులున్నాయి. ప్లాస్టిక్ ముక్కల్ని టిచ్ బటన్లలా నొక్కి సర్క్యూట్ కట్టే స్నాప్ కిట్లు ఒకటి, విడి భాగాలు కొని, వైర్లు గుచ్చే రంధ్రాలున్న బ్రెడ్‌బోర్డు మీద కట్టడం రెండోది. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకి స్నాప్ కిట్లే మంచివి. ఆ పైన విడి భాగాలే మేలు. ఎల్ఈడీ ఒకటి కాలిపోతే డాబాగార్డెన్స్ వైపు విడిభాగాల షాపులో కొన్ని రూపాయలకు ఇంకోటి వస్తుంది. స్నాప్ కిట్‌లో ముక్క పోతే అదే కంపెనీని వెతుక్కోవాలి.

విడి భాగాలు కొనేటప్పుడు, కరెంటుని అదుపు చేసే రెసిస్టర్ల సంచి చూసి తికమకపడక్కర్లేదు. 3 పెన్సిల్ సెల్లుల హోల్డరు, 220 ఓమ్‌ల రెసిస్టర్లు, ఇంతే అనుకోండి. 3 సెల్లులంటే 4.5 వోల్టులు. ఎర్ర ఎల్ఈడీ దగ్గర 2 వోల్టులు పోగా మిగిలిన రెండున్నర 220 ఓమ్‌ల మీద పడుతుంది, 11 మిల్లీ యాంపియర్లు పారతాయి. నీలం ఎల్ఈడీకి 3 వోల్టులు కావాలి, దానికీ 7 మిల్లీ యాంపియర్లు వస్తాయి, చక్కగా వెలుగుతుంది. రేపు ఆర్డుయినో 5 వోల్టులకు వెళ్లినా అదే రెసిస్టరు పనికొస్తుంది. చదరపు 9 వోల్టుల బ్యాటరీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ కొనొద్దు. 220 ఓమ్‌లతో ఎర్ర ఎల్ఈడీలో 32 మిల్లీ యాంపియర్లు పోతాయి, మామూలు ఎల్ఈడీకి 20 దాటకూడదు. పైగా దాని లోపల ఉండేవి 6 బుల్లి సెల్లులు, మోటారు తగిలించగానే వోల్టేజి పడిపోతుంది.

క్లాసు చివర్లో ఒక చిక్కు ప్రశ్న పెట్టండి. ఎర్ర ఎల్ఈడీ, నీలం ఎల్ఈడీ రెండూ పక్కపక్కనే సమాంతరంగా పెట్టి ఒకే రెసిస్టరు వాడితే ఎర్రది మాత్రమే వెలుగుతుంది. నీలంది పాడైందని పిల్లలు మార్చి చూస్తారు, కొత్తదీ వెలగదు. ఎర్రది 2 వోల్టుల దగ్గరే కరెంటుని లాగేసుకుంటుంది కాబట్టి నీలానికి కావాల్సిన 3 వోల్టులు ఎప్పటికీ రావు. ఎర్రదాన్ని పీకేసిన క్షణంలో నీలం వెలుగుతుంది. ఆ ఒక్క క్షణం కోసమైనా విడి భాగాలు కొనొచ్చు.

బ్రెడ్‌బోర్డులో దొంగ తప్పు ఒకటుంది. పొడవాటి 830 రంధ్రాల బోర్డుల్లో చాలావాటికి అంచున ఉండే ఎర్ర, నీలం పట్టీలు మధ్యలో తెగి ఉంటాయి. ఎడమ సగంలో కరెంటు ఉంటుంది, కుడి సగంలో ఉండదు. సర్క్యూట్ సరిగ్గానే కట్టిన జట్టు అరగంట వెతుక్కుంటుంది. కొన్న రోజే వోల్టేజి, కరెంటు కొలిచే మల్టీమీటర్‌తో చూసి, తెగిన చోట చిన్న వైరుతో కలిపేయండి. పిల్లలకైతే 400 రంధ్రాల చిన్న బోర్డు చాలు. మల్టీమీటర్లు శిబిరానికి రెండు ఉండాలి.

నాణెం ఆకారపు సెల్లులతో, రాగి టేపుతో చేసే గ్రీటింగ్ కార్డులు అందంగా ఉంటాయి, కానీ ఇంటికి పంపొద్దు. ఆ సెల్లుని ఇంట్లో చంటిపిల్లలు మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోవచ్చు. బలమైన చిన్న అయస్కాంతాలతోనూ ఇదే భయం. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో నొక్కి అతుక్కుంటాయి. ఇలాంటివి లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి.

మైక్రోబిట్, ఆర్డుయినో

ఈ రెండూ కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాం ఎక్కించుకుని నడిచే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు. ఎక్కువమంది తేల్చుకోలేక ఆగేది ఇక్కడే. బోర్డు ధర కన్నా ముందు లాప్‌టాప్‌లు లెక్కపెట్టండి. పనిచేసేవి 12 ఉన్నాయా? 6 ఉంటే ఆ క్లాసులు రెండు బ్యాచ్‌లుగా పెట్టాలి. 6 కన్నా తక్కువైతే ఈ ఏడాది ఈ రెండూ వద్దు. ఆ డబ్బుతో పై రెండు వర్గాల సామగ్రి నిండుగా కొనండి.

మైక్రోబిట్‌ని బ్రిటన్‌లో బీబీసీ 2016లో బడి పిల్లల కోసమే తెచ్చింది. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో మైకు, స్పీకరు చేరాయి. 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, కదలికను పట్టే సెన్సరు, దిక్సూచి, రేడియో అన్నీ బోర్డు మీదే ఉంటాయి. కాబట్టి మొదటి మూడు క్లాసులు యూఎస్‌బీ వైరు తప్ప ఇంకో వైరు తగిలించకుండా నడుస్తాయి. పెట్టె తెరిచిన పావుగంటకు పిల్లల పేరు దాని మీద పరుగెడుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో. 25 చుక్కల్లో 'గ', 'ర' లాంటివి గీసి చూపించవచ్చు, 'క్ష్మి' మాత్రం పట్టదు. లక్ష్మి అనే అమ్మాయి ఉంటే ముందే చెప్పండి.

దీని బలహీనత అంచున ఉన్న 5 పెద్ద రింగుల దగ్గర ఉంది. 3 వోల్టులది, గ్రౌండ్‌ది పక్కపక్కనే ఉంటాయి. లావు క్రొకోడైల్ క్లిప్పు కాస్త జారితే రెండూ కలిసి షార్ట్ అవుతుంది, బోర్డు చటుక్కున ఆరిపోతుంది. సన్న మూతి క్లిప్పులు, ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి కొని, బోర్డుకి నిలువుగా పెట్టడం నేర్పాలి. రేడియో క్లాసులో ఇంకో గందరగోళం వస్తుంది. అందరూ తెర మీద చూపించిన గ్రూపు 1నే రాసుకుంటారు, 12 జట్ల సందేశాలూ కలిసిపోతాయి. 0 నుంచి 255 దాకా సంఖ్యలున్నాయి, జట్టుకొకటి పలక మీద రాసి పెట్టండి. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో ప్రోగ్రాం పంపొచ్చన్నది నిజమే కానీ, ఒకే గదిలో 12 ఫోన్లు జత చేయబోతే క్లాసు మొత్తం అక్కడే అయిపోతుంది. యూఎస్‌బీ వైరే నయం.

ఆర్డుయినో యూనోకి 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు, 5 వోల్టులు. అదే డిజైన్‌తో వేరే కంపెనీలు చేసే క్లోన్ బోర్డు కొన్ని వందల్లో వస్తుంది, మైక్రోబిట్‌కి వెయ్యి దాటుతుంది. అయితే యూనో మీద విడిగా ఏమీ ఉండదు. బ్రెడ్‌బోర్డు, ఎల్ఈడీలు, బటన్లు, సెన్సర్లు, జంపర్ వైర్లు కలిపితే తేడా సగానికి సగం తగ్గుతుంది. పైగా కోడ్ టైపు చేయాలి. సెమికోలన్ మరిచిపోయినందుకు వచ్చే ఎర్ర అక్షరాలు చదివే ఓపిక పదమూడేళ్లు దాటాకే కనబడుతుంది. 10 నుంచి 12 ఏళ్ల వాళ్లకి మైక్రోబిట్, 13 దాటినవాళ్లకి యూనో అన్నది మా ఖచ్చితమైన సలహా. ఇద్దరూ కలిసి ఉన్న శిబిరమైతే మైక్రోబిట్టే కొనండి. పెద్దపిల్లలు దానితో విసుగు చెందరు, చిన్నపిల్లలు యూనోతో బెదురుతారు.

క్లోన్ యూనోలు కొంటే మొదటిరోజు వచ్చే ఇబ్బందులు దాదాపు ఎప్పుడూ ఇవే. వాటిలో ఎక్కువవాటిలో యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడే సీహెచ్340 చిప్పు ఉంటుంది. కంప్యూటర్‌లో దాని డ్రైవరు సాఫ్ట్‌వేర్ లేకపోతే పోర్టు కనబడదు. 12 లాప్‌టాప్‌ల్లోనూ ముందు రోజే వేసి, ఒక్కోదాంట్లో ఎల్ఈడీ మినుకుమనే ప్రోగ్రాం ఎక్కించి చూడాలి. పోర్టు కనబడి కూడా 'నాట్ ఇన్ సింక్' అని వస్తే మెనూలో బోర్డు పేరు, పోర్టు సరిగ్గా ఎంచారో లేదో చూడండి. తర్వాత 0, 1 పిన్నుల్లో పిల్లలు ఏమైనా గుచ్చారేమో చూడండి. ప్రోగ్రాం బోర్డులోకి వెళ్లేది ఆ రెండు పిన్నుల దారినే. మైక్రోబిట్‌కి వాడే మైక్రో యూఎస్‌బీ వైర్లలో చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి కలిసిపోతాయి. బోర్డు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం గుర్తించదు. పరీక్షించిన వైరుకి పచ్చ ఇన్సులేషన్ టేపు చుట్టేయండి.

మోటారుని నేరుగా పిన్నుకి తగిలించడం అందరూ చేసే పొరపాటు. పిన్ను ఇవ్వాల్సింది 20 మిల్లీ యాంపియర్లు, చక్రం పట్టుకుని ఆపితే పసుపు రంగు గేరు మోటారు వందల్లో లాగుతుంది. మధ్యలో, మోటారుకి కావాల్సిన కరెంటుని బ్యాటరీ నుంచి ఇచ్చే డ్రైవర్ బోర్డు ఉండాలి. ఎల్298ఎన్ బోర్డు వాడితే అది సుమారు 2 వోల్టులు తినేస్తుంది. 4 పెన్సిల్ సెల్లుల 6 వోల్టుల్లో మోటారుకి చేరేది 4. బండి నీరసంగా నడుస్తోందంటే మోటారు తప్పు కాదు. రీచార్జి సెల్లులైతే ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి 6 పెట్టాలి.

సెన్సర్లలో ముందు కొనాల్సింది కాంతిని బట్టి నిరోధం మారే ఎల్డీఆర్. పుస్తకాల్లో దానికి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు జతచేస్తారు. మన ఎండలో ఎల్డీఆర్ నిరోధం 300 ఓమ్‌లకు పడిపోయిందనుకోండి, యూనో 0 నుంచి 1023 దాకా చూపించే రీడింగు 993 వస్తుంది. మబ్బు వచ్చి నిరోధం రెట్టింపైనా 965 దగ్గర ఆగుతుంది, పిల్లలకు మార్పే కనబడదు. ఆరుబయట 1 కిలో ఓమ్ పెడితే ఎండలో 787, మబ్బులో 639 వస్తాయి, తేడా స్పష్టంగా ఉంటుంది. తేమ కొలవడానికి నీలం రంగు డీహెచ్‌టీ11 సెన్సరు చవక. కానీ అది 90 శాతం దాకానే కొలుస్తుంది, 5 శాతం అటూ ఇటూ చెబుతుంది. తీరంలో ఉన్న ఊరికి తెల్లటి డీహెచ్‌టీ22 తీసుకోండి. మట్టి తేమ చూసే రెండు కాళ్ల సెన్సరు కొన్నాళ్లకే తుప్పుపట్టి రాగి ఊడిపోతుంది, లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం అడగండి.

ఈఎస్‌పీ32 బోర్డులో వైఫై ఉంటుంది, ధరా అందుబాటులోనే ఉంటుంది. దాని పిన్నులు 3.3 వోల్టులవి. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు 5 వోల్టుల సంకేతం నేరుగా పంపితే పిన్ను పోవచ్చు. యూనో మీద చేయి తిరిగిన పిల్లలకు రెండో ఏడాది ఇవ్వండి.

పెట్టె రోబోలు, త్రీడీ ప్రింటరు

బ్రాండెడ్ రోబో కిట్లలో ముక్కలు చక్కగా కూర్చుంటాయి, పాడవడం తక్కువ. పోటీలకు వెళ్లే నలుగురైదుగురి జట్టుకు అవి సరైనవే. 24 మంది శిబిరానికి మొదట చెప్పిన 11 నిమిషాల లెక్కే అడ్డం. త్రీడీ ప్రింటరు సంగతీ అంతే. చిన్న కీచెయిన్‌కి అరగంట పడితే 24 మందికి 12 గంటలు. ప్రింటరులో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ తీగ తేమ పీల్చుకుని ప్రింటు పోగులు పోగులుగా వస్తుంది. దగ్గర్లో ఏదైనా హైస్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే హెడ్మాస్టరుగారిని కలిసి ఒక పూట చూపించమని అడగండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన ఈ పథకం కింద బడికి 20 లక్షల దాకా ఇస్తారు, ప్రింటర్లు చాలాచోట్ల ఉన్నాయి.

మైక్రోస్కోపు, ఇసుక

స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ రూపొందించి 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోపు మడతపెట్టే కాగితపు మైక్రోస్కోపు. సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, తడికి పాడవదు, జేబులో పడుతుంది. మామూలు విద్యార్థి మైక్రోస్కోపు 40, 100, 400 రెట్లు చూపిస్తుంది. దాన్ని 2 కొనే డబ్బుతో ఫోల్డ్‌స్కోపులు జట్టుకొకటి వస్తాయి. కాబట్టి మేము ఫోల్డ్‌స్కోపు వైపే. మడతపెట్టడానికే అరగంట పడుతుంది, ఆ అరగంటా క్లాసులో భాగమే. చూసేటప్పుడు కంటికి దాదాపు ఆనించాలి, వెనక ఫోన్ టార్చి పెట్టాలి. పిల్లలు దూరంగా పట్టుకుని ఏమీ కనబడలేదంటారు. గాజు మైక్రోస్కోపుకి వైజాగ్‌లో ఇంకో శత్రువు బూజు. తేమకి లెన్సు మీద సాలెగూడులా పాకుతుంది, ఒకసారి పడితే మచ్చ పోదు.

ఫోల్డ్‌స్కోపు చేతికొచ్చాక ఆర్కే బీచ్ ఇసుక కన్నా మంచి పాఠం లేదు. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి పొడి ఇసుకలో తిప్పితే నల్లటి రేణువులు గడ్డంలా వేలాడతాయి. కవరు లేకుండా చేస్తే అవి అయస్కాంతాన్ని ఇక వదలవు. గట్టిగా అతుక్కునేది మాగ్నటైట్, బలహీనంగా లాగబడేది ఇల్మనైట్. మిగిలిన ఇసుకలో ఎర్రగా గాజుముక్కల్లా కనిపించేవి గార్నెట్లు. ఆ గార్నెట్ కైలాసగిరి లాంటి మన కొండల ఖోండలైట్ రాతిలో ఉంటుంది. కొండ అరిగి సముద్రం ఒడ్డుకి చేరిన దారి మొత్తం ఒక చిటికెడు ఇసుకలో కనబడుతుంది. చూశాక ఇసుకని అక్కడే వదిలేయండి. ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్తే మాత్రం కంటితో చూడటమే, పిడికెడు మట్టి కూడా తేకూడదు.

శిబిరం అయ్యాక

సముద్రానికి ఒకటి రెండు కిలోమీటర్లలో ఉన్న గదిలో సామగ్రిని అట్టపెట్టెలో పెట్టి బీరువాలో పడేస్తే వచ్చే వేసవికి సగం పనికిరాదు. సెల్లు హోల్డర్ల స్ప్రింగులు పచ్చగా, తెల్లగా పూస్తాయి. చవక జంపర్ వైర్ల లోపల రాగికి బదులు ఇనుము ఉంటుంది, తుప్పుపట్టి విరుగుతాయి. కొనేటప్పుడే వైరు కొనకు అయస్కాంతం పెట్టి చూడండి. పిన్ను అంటుకోవడం మామూలే, తొడుగు ఒలిచిన తీగ కూడా అంటుకుంటే ఆ కట్ట వద్దు. రబ్బరు బ్యాండ్లు జిగురుగా మారతాయి, వాటిని దాచడం దండగ.

చివరి క్లాసు అయిన రోజే సెల్లులన్నీ తీసేయాలి. బోర్డులు, సెన్సర్లు, వైర్లు రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, ఒక్కో డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్ వేయండి. తేమ పట్టాక రంగు మారేవి దొరుకుతాయి. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి పిల్లల సామగ్రికి నారింజ రంగువి తీసుకోండి. అవి ఆకుపచ్చగా మారాక ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ నారింజకు వస్తాయి. డబ్బా మూత మీద లోపలున్న వస్తువుల లెక్క, తనిఖీ చేసిన తేదీ రాసి అంటించండి. వర్షాకాలం మధ్యలో ఒకసారి, ఆగస్టులో, మూత తీసి రంగు చూడండి.